తెనాలి నుంచి డాలస్‌కు ఎన్ని గంటలు? దూరం, కాలం మనమే లెక్కేసుకునే పద్ధతి

2016 జూన్‌లో మొదటిసారి అమ్మాయి దగ్గరికి అమెరికా వెళ్లాం. టికెట్ మీద ఇలా ఉంది: 12వ తేదీ తెల్లవారుజామున 4:20కి హైదరాబాద్‌లో బయల్దేరడం, అదే 12వ తేదీ సాయంత్రం 4:40కి డాలస్‌లో దిగడం. మధ్యలో దుబాయ్‌లో విమానం మారాలి.

మావారికి షుగర్ మాత్ర పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. ఆ టికెట్ చూసి నేను వేసుకున్న లెక్క ఏమిటంటే, 11 రాత్రి మాత్ర దారిలో, 12 పొద్దున మాత్ర దుబాయ్‌లో దిగే ముందు, 12 రాత్రి మాత్ర అమ్మాయి ఇంట్లో. అందుకని రెండు మాత్రలు చేతి సంచిలో ఉంచి, డబ్బా మొత్తం పెద్ద సూట్‌కేసులో సర్దేశాను. పొద్దున మాత్ర మన టైము ప్రకారం 8 గంటలకు వేసుకున్నారు. డాలస్‌లో రాత్రి 8 అయ్యేసరికి మన దగ్గర మర్నాడు పొద్దున ఆరున్నర. పన్నెండు గంటలకు పడాల్సిన మాత్రకు ఇరవై రెండున్నర గంటల ఎడం వచ్చింది. సగం దారిలో ఆయన నోరు ఎండిపోతోందని, ఒళ్లు తూలుతోందని అంటుంటే నేను నీళ్లు అందిస్తూ కూర్చున్నాను. మాత్రలు మా కాళ్ల కింద సామాన్ల అరలోనే ఉన్నాయి. తెచ్చుకునే దారి లేదు.

నేను 31 ఏళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పాను. అక్షాంశాలు, రేఖాంశాలు బోర్డు మీద గీసి మరీ నేర్పాను. అంత చేసినా ఇంటి మనిషి విషయంలో టికెట్ మీద తేదీలు చూశానే తప్ప గంటలు లెక్కపెట్టలేదు. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది. తర్వాత వెళ్లిన ప్రతిసారీ సామాను సర్దకముందే ఒక కాగితం మీద దూరం, గంటలు వేసుకుంటున్నాను. మా వీధిలో పిల్లల దగ్గరికి వెళ్లేవాళ్లు వచ్చి అడిగితే వాళ్లకూ వేసి ఇస్తున్నాను. ఆ పద్ధతే ఇక్కడ రాస్తున్నాను. ఉదాహరణ మా దారిదే. మీ ఊళ్లు పెట్టి మీరు చేసుకోవచ్చు.

గ్లోబు, దారం

ముందు దూరం. గోడకు వేలాడే ప్రపంచపటం పక్కన పెట్టండి. ఆ పటంలో హైదరాబాద్ నుంచి డాలస్‌కు స్కేలుతో గీత గీస్తే ఆఫ్రికా మీదుగా, అట్లాంటిక్ మీదుగా పోతుంది. విమానాలు ఆ దారిన పోవు. గుండ్రటి భూమిని చదునుగా పరిచినప్పుడు ధ్రువాల దగ్గరి భాగం సాగిపోతుంది. అందుకే ఆ గీత దగ్గరి దారిలా కనిపిస్తుంది.

ఇంట్లో పిల్లల గ్లోబు ఉంటే ఒక కుట్టుదారం తీసుకోండి. ఒక కొస హైదరాబాద్ మీద, రెండో కొస డాలస్ మీద పట్టుకుని బిగించండి. దారం దానంతట అదే జరిగి, అతి తక్కువ దూరం ఉన్న చోట నిలబడుతుంది. మొదటిసారి చేసినవాళ్లు తప్పకుండా ఆశ్చర్యపోతారు. దారం పడమటికి పోదు, సూటిగా ఉత్తరానికి లేస్తుంది. రష్యా దాటి, ఉత్తర ధ్రువానికి దాదాపు 500 కిలోమీటర్ల ఎడంగా వెళ్లి, కెనడా మీదుగా కిందికి దిగుతుంది. దీన్నే మహావృత్తం అంటాం. గోళం మీద రెండు బిందువుల మధ్య దగ్గరి దారి ఎప్పుడూ మహావృత్తం వెంటే ఉంటుంది.

ఇప్పుడు ఆ దారాన్ని స్కేలు మీద పెట్టి కొలవండి. మా ఇంట్లోది పన్నెండు అంగుళాల గ్లోబు. దాని నడుము చుట్టుకొలత 96 సెంటీమీటర్లు. దారం ముప్పై నాలుగున్నర సెంటీమీటర్లు వచ్చింది. భూమి చుట్టుకొలత సుమారు 40,000 కిలోమీటర్లు కాబట్టి, ముప్పై నాలుగున్నరను 96తో భాగించి 40,000తో గుణిస్తే 14,375. అసలు దూరం సుమారు 14,400. దారంతో ఇంత దగ్గరగా రావడం చూసి మా మనవడు నాలుగుసార్లు మళ్లీ కొలిచాడు.

గ్లోబు లేకపోయినా డాలస్ విషయంలో ఒక చక్కని సౌకర్యం ఉంది. శంషాబాద్ విమానాశ్రయం 17.2 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 78.4 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది. డాలస్–ఫోర్ట్‌వర్త్ విమానాశ్రయం 32.9 ఉత్తరం, 97 పడమర. ఒకటి తూర్పు, ఒకటి పడమర కాబట్టి రేఖాంశాలు కూడితే 175.4. ఇది 180కి బాగా దగ్గర. అంటే ఈ రెండూ భూమికి దాదాపు చెరో వైపున ఉన్నాయి, దగ్గరి దారి ధ్రువం పక్కగా పోతుంది. అప్పుడు కూడికలు, తీసివేతలు చాలు. హైదరాబాద్ నుంచి ధ్రువానికి 90లో 17.2 తీసేస్తే 72.8 డిగ్రీలు. ధ్రువం నుంచి డాలస్‌కు 90లో 32.9 తీసేస్తే 57.1. మొత్తం 129.9. భూమి మీద ఒక డిగ్రీ 111 కిలోమీటర్లు. గుణిస్తే 14,419.

అదే రెండు ఊళ్ల అక్షాంశాలకు మధ్యలో ఉండే 25వ అక్షాంశం వెంబడి పడమటికి పోయామనుకోండి. అక్కడ ఒక డిగ్రీ రేఖాంశం సుమారు 101 కిలోమీటర్లు. 175 డిగ్రీలకు 17,600 దాటుతుంది. మూడు వేల కిలోమీటర్లకు పైగా చుట్టు!

ఈ కూడిక పద్ధతి రేఖాంశాల మొత్తం 180కి దగ్గరగా ఉన్నప్పుడే పనిచేస్తుంది. హ్యూస్టన్‌కు బాగా వస్తుంది. చికాగోకు నూటయాభై కిలోమీటర్ల దాకా ఎక్కువ చూపిస్తుంది. న్యూజెర్సీ, శాన్‌ఫ్రాన్సిస్కోలకు దారమే వాడండి. ఫోన్ అలవాటున్నవాళ్లు గ్రేట్ సర్కిల్ మ్యాపర్ అనే వెబ్‌సైట్‌లో విమానాశ్రయాల మూడక్షరాల కోడ్‌లు కొడితే గీతతో సహా చూపిస్తుంది. శంషాబాద్‌కు హెచ్‌వైడీ, డాలస్‌కు డీఎఫ్‌డబ్ల్యూ, దుబాయ్‌కి డీఎక్స్‌బీ. అక్కడ నాటికల్ మైళ్లలో చూపిస్తే 1.852తో గుణించుకోండి.

విమానం నిజంగా పోయే దారి

హైదరాబాద్ నుంచి డాలస్‌కు నాన్‌స్టాప్ లేదు. అంత దూరం ఆగకుండా ఎగిరే విమానాలు లేక కాదు. దోహా–ఆక్లాండ్ దూరం కూడా సుమారు 14,500, ఆ దారిలో నాన్‌స్టాప్ నడిచింది. సింగపూర్–న్యూయార్క్ అయితే 15,300 కిలోమీటర్లు, 18 గంటలకు పైగా గాల్లోనే. మనవాళ్లు మాత్రం ఎక్కడో ఒకచోట మారక తప్పదు. కాబట్టి రెండు దారాలు కొలిచి కూడాలి.

దుబాయ్ మీదుగా: హైదరాబాద్–దుబాయ్ 2,550, దుబాయ్–డాలస్ 12,900. మొత్తం 15,450. దోహా మీదుగా 2,900, 12,750. మొత్తం 15,650. లండన్ మీదుగా 7,750, 7,630. మొత్తం 15,380. లండన్ అంటే చాలా చుట్టు అని మా బంధువుల్లో చాలామంది అనుకుంటారు. నిజానికి మూడింటిలో అదే కాస్త తక్కువ. నాకు లండన్ దారి నచ్చడానికి ఇంకో కారణం ఉంది. రెండు ముక్కలూ సమానంగా ఉంటాయి, సగం దారిలో కాళ్లు చాపుకోవచ్చు. దుబాయ్ దారిలో మొదటి ముక్క చిటికెలో అయిపోతుంది, రెండోది పదహారు గంటలు ఒకే కుర్చీలో. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఛార్జీ ఒక్కటే చూడకుండా ఈ ముక్కల పొడవు కూడా చూడండి. లండన్‌లో మారేవాళ్లు ట్రాన్సిట్ వీసా కావాలో అక్కర్లేదో టికెట్ కొనేముందే కనుక్కోండి.

డైరెక్ట్, నాన్‌స్టాప్ ఒకటి కావు. నాన్‌స్టాప్ అంటే మధ్యలో ఎక్కడా దిగదు. డైరెక్ట్ అంటే విమానం నంబరు మారదు, మధ్యలో ఒకచోట దిగి మళ్లీ లేవొచ్చు. బుక్ చేసేటప్పుడు ఏజెంటును స్పష్టంగా అడగాలి.

దారం చెప్పేది కనీస దూరం. విమానం దానికంటే కొంచెం ఎక్కువే తిరుగుతుంది. ఏ దేశం గగనతలం ఎవరికి తెరిచి ఉంది అన్నదాన్ని బట్టి దారి మారుతుంది. 2022లో రష్యా తన గగనతలాన్ని చాలా పాశ్చాత్య దేశాల విమానాలకు మూసేసింది. 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ మన దేశపు విమానాలకు మూసేసింది. ఇలాంటివి జరిగినప్పుడు అదే రెండు ఊళ్ల మధ్య ప్రయాణానికి అదనంగా గంట, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ పడుతుంది.

కిలోమీటర్ల నుంచి గంటలు

పెద్ద జెట్ విమానం పైకి చేరాక గంటకు సుమారు 900 కిలోమీటర్ల వేగంతో పోతుంది. ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు అంత వేగం ఉండదు. రన్‌వే దగ్గర వరసలో నిలబడే సమయం కూడా టికెట్ మీది గంటల్లో కలిసే ఉంటుంది. ఎందుకంటే అది గేటు దగ్గర కదిలినప్పటి నుంచి అవతల గేటు దగ్గర ఆగేవరకు వేసిన లెక్క. అందుకే నేను దూరాన్ని 850తో భాగించి అరగంట కలుపుతాను.

దుబాయ్–డాలస్: 12,900ను 850తో భాగిస్తే 15.2, అరగంట కలిపితే 15 గంటల 40 నిమిషాలు. మా టికెట్ మీద 16 గంటలు. హైదరాబాద్–దుబాయ్: మూడు గంటలు, అరగంట కలిపితే మూడున్నర. టికెట్ మీద వెళ్లేటప్పుడు 4 గంటలు, వచ్చేటప్పుడు 3 గంటల 20 నిమిషాలు. డాలస్ నుంచి దుబాయ్‌కి తిరిగొచ్చేటప్పుడు పద్నాలుగున్నర గంటలే.

దూరం ఒకటే అయినప్పుడు గంటలు ఎందుకు మారాయి? భూమి పడమర నుంచి తూర్పుకు తిరుగుతుంది కాబట్టి మనం గాల్లో ఉంటే ఊరు మనకు ఎదురొస్తుంది కదా అని క్లాసులో ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు అడిగేవారు. అదే నిజమైతే పడమటికి వెళ్లేటప్పుడే తొందరగా చేరాలి. జరిగేది దానికి తలకిందులు. భూమితోపాటు గాలి కూడా తిరుగుతూనే ఉంటుంది, అందుకని ఆ తిరగడం వల్ల విమానానికి లాభం లేదు. అసలు కారణం పది కిలోమీటర్ల ఎత్తున పడమర నుంచి తూర్పుకు వీచే బలమైన గాలులు. వీటిని జెట్ స్ట్రీమ్ అంటారు. చలికాలంలో ఇంకా జోరుగా ఉంటాయి. మా కాలువలో పడవకు ఎదురు తెడ్డు వేసి చూసినవాళ్లకు ఇది విడమరచి చెప్పక్కర్లేదు. అమెరికాకు పోయేటప్పుడు ఎదురీత, వచ్చేటప్పుడు వాలు. కాబట్టి పడమటికి వెళ్లే లెక్కకు ఇంకో అరగంట వేసుకోండి, తూర్పుకు వచ్చేదానికి ముప్పావుగంట దాకా తగ్గించుకోండి.

విమానంలో ఎదురుగా ఉన్న తెరమీద పటం పెట్టుకోండి. మేం గ్రీన్‌లాండ్ మీదుగా పోతుంటే కిటికీ తెర కాస్త పైకెత్తి చూశాను. కిందంతా తెల్లటి మంచు. ఇంట్లో దుబాయ్–డాలస్ ముక్కకు పెట్టిన దారం నిలబడ్డ చోటే విమానం ఉంది. ఇన్నేళ్లు బోర్డు మీద గీసిన మహావృత్తాన్ని అప్పుడు కళ్లారా చూశాను.

ఒకే గడియారం

మాత్రల విషయంలో నన్ను దెబ్బతీసింది ఇదే కాబట్టి దీన్ని నిదానంగా చదవండి. టికెట్ మీద ప్రతి సమయం ఆ ఊరి స్థానిక సమయం. మన సమయం, ప్రపంచమంతా లెక్కకు మొదలుగా పెట్టుకునే గ్రీనిచ్ సమయం కంటే ఐదున్నర గంటలు ముందు. అది కాకినాడ దగ్గరగా పోయే 82.5 డిగ్రీల రేఖాంశాన్ని బట్టి పెట్టుకున్నది. దుబాయ్ నాలుగు గంటలు ముందు. డాలస్ చలికాలంలో ఆరు గంటలు వెనక, వేసవిలో ఐదు గంటలు వెనక. అమెరికాలో మార్చి రెండో ఆదివారం గడియారం గంట ముందుకు జరుపుతారు, నవంబర్ మొదటి ఆదివారం వెనక్కి జరుపుతారు. అంటే మనకూ డాలస్‌కూ తేడా వేసవిలో పదిన్నర గంటలు, చలికాలంలో పదకొండున్నర.

మా 2016 టికెట్ చూడండి. తెల్లవారుజామున 4:20 నుంచి సాయంత్రం 4:40కి 12 గంటల 20 నిమిషాలు కనిపిస్తుంది. జూన్ కాబట్టి దానికి పదిన్నర కలపాలి. 22 గంటల 50 నిమిషాలు. ముక్కలు కూడి సరిచూసుకోండి: దుబాయ్‌కి 4 గంటలు, అక్కడ ఆగడం 2 గంటల 50 నిమిషాలు, డాలస్‌కు 16 గంటలు. మొత్తం సరిగ్గా అంతే. రెండు పద్ధతుల్లోనూ ఒకే జవాబు రాకపోతే ఎక్కడో తప్పింది, మళ్లీ వేయండి. పడమటికి వెళ్లేటప్పుడు తేడా కలపాలి, తూర్పుకు వచ్చేటప్పుడు తీసేయాలి.

ఫోన్ దిగిన చోటల్లా తనంతట తాను టైము మార్చేసుకుంటుంది. అందుకే మావారి పాత హెచ్‌ఎంటీ వాచీని అమ్మాయి ఇంటికి చేరేదాకా మన టైములోనే ఉంచుతాను. మాత్రలు, తిండి అన్నీ ఆ వాచీ ప్రకారమే. అక్కడికి చేరాక ఆ ఊరి టైముకు ఎలా మారాలో బయల్దేరే ముందే డాక్టర్‌ని అడిగి కాగితం మీద రాయించుకుంటాం. ఇన్సులిన్ తీసుకునేవాళ్లు మరీ తప్పకుండా అడగాలి. మందుల చీటీ, మొత్తం మాత్రలు చేతి సంచిలోనే పెట్టుకోవాలి. సూట్‌కేసులో ఒక్కటి కూడా పెట్టొద్దు.

గడప నుంచి గడపకు

టికెట్ చెప్పేది విమానాశ్రయం నుంచి విమానాశ్రయానికి. ఒంటికి పట్టే శ్రమ గడప దాటినప్పుడే మొదలవుతుంది. తెనాలి నుంచి శంషాబాద్ సుమారు 300 కిలోమీటర్లు. మేం 11వ తేదీ సాయంత్రం 4 గంటలకు కారు ఎక్కాం. సూర్యాపేటలో భోజనం, తర్వాత ఔటర్ రింగ్ రోడ్డు. శంషాబాద్ చేరేసరికి పదిన్నర. అంతర్జాతీయ విమానానికి మూడు గంటల ముందు ఉండాలి. నేను ఇంకా ముందే వెళతాను. విజయవాడ రోడ్డు మీద ఒక్క లారీ అడ్డం తిరిగితే చాలు, టెన్షన్‌తో సగం ప్రాణం పోతుంది.

ఇల్లు వదిలినప్పటి నుంచి విమానం కదిలేదాకా 12 గంటల 20 నిమిషాలు. విమానాలు, దుబాయ్‌లో ఆగడం కలిపి 22 గంటల 50 నిమిషాలు. డాలస్‌లో దిగాక ఇమిగ్రేషన్ వరస, సామాను, అక్కడి నుంచి ఇర్వింగ్‌లో అమ్మాయి ఇల్లు, అన్నీ కలిపి రెండు గంటల పది నిమిషాలు. మొత్తం 37 గంటల 20 నిమిషాలు. టికెట్ చూస్తే పన్నెండు గంటలన్నట్టు ఉన్న ప్రయాణం ఇది! పెరుగన్నం డబ్బా, మార్చుకునే బట్టలు ఈ 37 గంటలకు సరిపోవాలి. నేను ఇంకో రోజుకు ఎక్కువే పెడతాను, విమానం ఆలస్యమైతే ఉంటాయని.

మారే చోట ఎంత వ్యవధి ఉండాలి అని చాలామంది అడుగుతారు. పెద్దవాళ్లకు మూడు గంటలు. రెండు గంటల కంటే తక్కువ ఉన్న టికెట్ ఎంత చవకైనా వద్దు. వీల్‌చెయిర్ కావాలని బుక్ చేసేటప్పుడే చెప్పించండి.

ఇక తేదీలు. మన పంచాంగంలో వారం సూర్యోదయంతో మారుతుంది, టికెట్‌లో అర్ధరాత్రితో మారుతుంది. 12వ తేదీ 4:20 అంటే మన మాటల్లో 11 రాత్రి. ప్రయాణానికి మంచి రోజు చూసుకునేవాళ్లు కూడా గడప దాటే రోజునే చూడాలి.

తిరుగు ప్రయాణంలో ఇదే మమ్మల్ని ఇబ్బంది పెట్టింది. గురువారం సాయంత్రం 7:30కి డాలస్‌లో ఎక్కాం. శుక్రవారం రాత్రి 7 గంటలకు దుబాయ్, అక్కడ మూడు గంటలు, హైదరాబాద్‌లో దిగేసరికి శనివారం తెల్లవారుజామున 2:50. దారిలో గడిచింది 20 గంటల 50 నిమిషాలే అయినా గురు, శుక్ర, శని అని మూడు వారాల పేర్లు తగిలాయి. హైదరాబాద్‌లో ఉండే మా తమ్ముడికి ఫోన్‌లో "శనివారం రెండూ యాభైకి" అని చెప్పాను. వాడు శనివారం రాత్రి అనుకున్నాడు. తెల్లారేదాకా నేనూ మావారూ ట్రాలీ పక్కన కుర్చీల్లో కూర్చున్నాం. వాడు వచ్చి "ఎంత పని చేశాను అక్కా" అని బాధపడుతుంటే, పొరపాటు నాదేనని చెప్పాను.

ఇప్పుడు వాడికి ఫోన్‌లో చెప్పను, రాసి పంపుతాను. అందులో విమానం దిగే టైముతోపాటు వాడు ఇంట్లో బయల్దేరాల్సిన టైము కూడా ఉంటుంది: "శుక్రవారం రాత్రి భోంచేసి ఒక కునుకు తీయి. అర్ధరాత్రి దాటాక రెండింటికి బయల్దేరు. విమానం 2:50కి దిగుతుంది. మేం బయటికి వచ్చేసరికి మూడున్నర దాటుతుంది." అది చదివి, ఏ రోజు రాత్రికి అలారం పెట్టాడో వాడు తిరిగి రాసేదాకా నేను విమానం ఎక్కను.